భీమిలి వలందులు: రాతి మీద పేరున్నవాళ్లు, లేనివాళ్లు

మా మామూజాన్ ఖబర్‌ని మా ఖాందాన్‌లో ఎవరూ చూడలేదు. సౌదీ పనికెళ్లి అక్కడే ఇంతిఖాల్ అయ్యారు. కాగితాలన్నీ కుదిరి మయ్యత్ ఇంటికి రావాలంటే చాలా రోజులు పడుతుందన్నారు. ముమానీ ఏడుస్తూనే, అక్కడే దఫన్ చేసేయమని ఒప్పుకుంది. అక్కడి రివాజు ప్రకారం ఖబర్ మీద పేరు ఉండదు. ఆయనతో పనిచేసిన ఒకాయన ఫోన్‌లో అన్న మాటే మాకు మిగిలిన నిషానీ: "మట్టీ ఇచ్చాం భాయ్, దువా చేశాం."

ఈ యాద్ ఇప్పుడెందుకంటే, పోయిన ఆదివారం మా అమ్మాయిని తీసుకుని భీమిలి వెళ్లాను. తొమ్మిదో క్లాసు చదువుతోంది. ఐరోపా కంపెనీల మీద స్కూల్లో ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. మేముండేది సింహాచలంలో. ఆనందపురం, తగరపువలస మీదుగా వెళితే దారిలో గోస్తనీ నది తగులుతుంది. అదే నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నదీముఖం దగ్గర, అలల చప్పుడు వినపడేంత దూరంలో, వలందుల ఖబ్రస్తాన్ ఉంది. ఇంగ్లీషువాళ్లు దానికి 'హాలండర్స్ గ్రీన్' అని పేరు పెట్టారు.

వలందులంటే డచ్చివాళ్లు. పాత తెలుగు పుస్తకాల్లో బుడతకీచులు, పరాసులు, వలందులు అని వరసగా కనిపిస్తారు. ఉర్దూలో వాళ్లని 'వలందేజీ' అంటాం. మా ఉర్దూ మీడియం స్కూల్లో తారీఖ్ పాఠంలో వలందేజీ అని చదివాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక వలందులు అని చదివాను. రెండూ ఒకటేనని తెలియడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

ఖబ్రస్తాన్‌లో ఇటుకా సున్నంతో కట్టిన గోరీలు కోసుగా పైకి లేచి ఉన్నాయి. కొన్నిటి మీద రాతి పలకలు, వాటి మీద డచ్చి అక్షరాలు. ఉప్పుగాలికి చాలావరకు అరిగిపోయాయి. అన్నిటికంటే పాతది 1661 నాటిదని చెబుతారు. అమ్మాయి ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటూ అడిగింది: "అబ్బా, వీళ్లందరూ దొరలేనా?"

"అవును బేటా" అనేశాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నన్ను పట్టుకుంది. ఇరవై ఏళ్లు సహాఫత్ చేసినవాణ్ని, అంత తేలిగ్గా అవునని ఎలా అన్నాను? నాకు తెలిసినదంతా ముందేసుకుని మళ్లీ హిసాబ్ చూసుకున్నాను. ఆ హిసాబే ఈ వ్యాసం.

ముందు వాళ్లు ఇక్కడికి ఎందుకొచ్చారో చూద్దాం. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. వాళ్ల అసలు కన్ను ఇండోనేషియా దీవుల్లోని జాజికాయ, జాపత్రి, లవంగాల మీద. కానీ ఆ దీవులవాళ్లకు ఐరోపా సరుకు అక్కర్లేదు. వాళ్లడిగింది మన తీరంలో నేసిన బట్ట. అంటే లవంగం కొనాలంటే ముందు తెలుగు, తమిళ నేతగాళ్ల దగ్గర బట్ట కొనాలి. అందుకని 1605లో మచిలీపట్నం వచ్చి కొట్టు పెట్టుకున్నారు. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాన్ నుంచి ఫర్మానా సంపాదించారు. ఆ సుల్తాన్ ఎవరనుకున్నారు? చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా. దక్కనీ ఉర్దూలో దీవాన్ రాసిన మన కులీ.

తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్కన జగన్నాథపురం, ఇలా ఒక్కో ఊళ్లో కొట్లు లేచాయి. భీమిలికి 17వ శతాబ్దం మధ్యలో వచ్చారు. అప్పుడు మన ప్రాంతం గోల్కొండ సల్తనత్‌లో శ్రీకాకుళం ఫౌజ్‌దార్ కింద ఉండేది. ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో ఇప్పటికీ ఉంది. వలందులు భీమిలిలో నిలదొక్కుకోవాలంటే ఆ దర్బారుతో మంచిగా ఉండాలి. దర్బారులో ఫార్సీ. నేతగాడి ఇంటి దగ్గర తెలుగు. రేవుల్లో సౌదాగర్ల మధ్య బుడతకీచు భాష. కంపెనీ పద్దుల్లో డచ్చి. కుతుబ్ షాహీ ఫర్మానాలు కొన్ని ఫార్సీ, తెలుగు రెండిట్లోనూ రాసేవాళ్లు. ఇన్ని జుబాన్‌ల మధ్య పని జరగాలంటే దుబాసీ కావాలి. దో భాషీ, అంటే రెండు భాషల మనిషి. ఆ మాట తెలుగులో దుబాసీగా స్థిరపడిపోయింది. మన ఇళ్లల్లో పుట్టిన ప్రతివాడూ పుట్టుకతోనే దుబాసీ కదా!

ఆ కాలపు వలందుల్లో నాకు నచ్చిన మనిషి ఒకడున్నాడు. పేరు డానియల్ హవార్ట్. 1670లలో గోల్కొండ రాజ్యంలోని డచ్చి కొట్లలో నౌకరీ చేశాడు. ఫార్సీ నేర్చుకున్నాడు. తిరిగెళ్లాక షేక్ సాదీ 'బూస్తాన్'ని డచ్చిలోకి తర్జుమా చేసి 1688లో అచ్చువేయించాడు. 1693లో ఈ తీరంలో తన కంపెనీ ఎలా లేచిందో, ఎలా పడిందో పెద్ద కితాబ్ రాశాడు. మా దాదీ మాకు కహానీలుగా చెప్పిన సాదీని ఆమ్‌స్టర్‌డామ్ జనం డచ్చిలో చదివారంటే, ఆ దారి మన తెలుగు తీరం మీదుగా పోయింది.

ఇలాంటివాళ్లని చూసే మనం దొరలంటాం. చదువుకున్నవాళ్లు, పద్దులు రాసినవాళ్లు, సరుకు బేరం చేసినవాళ్లు. భీమిలి పలకల మీద పేరుకెక్కింది కూడా ఎక్కువగా ఇలాంటి హోదా ఉన్నవాళ్లూ వాళ్ల భార్యాపిల్లలూ. రాయి చెక్కించడానికి పైసా కావాలి. చెక్కించేవాడూ ఒకడుండాలి.

కానీ ఒక కొట్టు నడవాలంటే పెద్ద గుమాస్తా ఒక్కడు సరిపోడు. కాపలాకు సిపాయిలు, జహాజులకు ఖలాసీలు, వడ్రంగులు, కమ్మరులు కావాలి. ఈ కంపెనీ దాదాపు రెండొందల ఏళ్లలో ఐరోపా నుంచి ఆసియాకు పంపిన మనుషుల లెక్క సుమారు 9,73,000. అందులో తిరుగు జహాజు ఎక్కినవాళ్లు సుమారు 3,67,000. మిగతావాళ్లు దారిలో సముద్రంలోనో, బటావియా జ్వరాల్లోనో, మన తీరంలో ఏ మూలో ఆగిపోయారు.

ఇంకో సంగతి. ఈ 9,73,000 మందిలో సగానికి దగ్గరగా అసలు డచ్చివాళ్లే కారు. హాలండు చిన్న ముల్క్. అంతమంది మనుషులు అక్కడ ఎక్కడున్నారు? పక్కనున్న జర్మన్ రాజ్యాల నుంచి, డెన్మార్క్, నార్వే వైపు నుంచి వచ్చారు. సిపాయిల్లో అయితే జర్మన్ల వాటా మరీ పెద్దది. 1618 నుంచి 1648 దాకా జరిగిన ముప్ఫై ఏళ్ల జంగ్‌లో జర్మన్ గ్రామాలు బూడిదయ్యాయి. పొలం పోయినవాడు, అన్నకు ఆస్తి పోగా మిగిలిన తమ్ముడు, పని దొరకని కుర్రాడు, అందరూ నడుచుకుంటూ ఆమ్‌స్టర్‌డామ్ చేరేవాళ్లు. మనం 'వలందులు' అని ఒక్క పేరుతో పిలిచిన జమాత్‌లో సగంమందికి డచ్చి మాతృభాష కాదు.

ఆమ్‌స్టర్‌డామ్ చేరాక వాళ్లకు ఏం జరిగేదో వినండి. ఇక్కడ మనవాళ్లు కాస్త ఆగి చదవాలి.

ఊరికి కొత్త. భాష రాదు. జేబులో చిల్లిగవ్వ లేదు. జహాజులు బయల్దేరడానికి నెలలు పడుతుంది. అప్పుడు ఒక ఏజెంటు దగ్గరకు తీసేవాడు. తిండి పెట్టేవాడు, పడుకోవడానికి చోటిచ్చేవాడు, కంపెనీలో పేరు రాయించేవాడు, ప్రయాణానికి పెట్టె, బట్టలు కొనిచ్చేవాడు. ఇదంతా ఖర్జా. దానికి బదులు కుర్రాడి చేత 150 గిల్డర్ల దాకా ఒక అప్పు పత్రం రాయించుకునేవాడు. కుర్రాడు ఆసియాలో కష్టపడి జీతం సంపాదించే కొద్దీ ఆ జీతంలోంచి కంపెనీ ఈ పత్రం బాకీ చెల్లిస్తుంది. మామూలు సిపాయి జీతం నెలకు 9 గిల్డర్లు. హిసాబ్ మీరే వేయండి: పదహారు నెలలు దాటిన పూర్తి జీతం ఆ ఒక్క పత్రానికే పోతుంది. కుర్రాడు దారిలో చనిపోతే బాకీ మునిగినట్టే. అందుకని ఏజెంటు ఆ పత్రాన్ని తక్కువ ధరకు వేరే సేఠ్‌కి అమ్మి చేతులు దులుపుకునేవాడు. డచ్చి జనం ఆ ఏజెంట్లకి పెట్టిన పేరు 'జీల్‌వెర్కోపర్'. జీల్ అంటే రూహ్. రూహ్‌లు అమ్ముకునేవాడు అని అర్థం.

ఇది చదివినప్పుడు నాకు ముమానీ గాజులు గుర్తొచ్చాయి. మామూజాన్ వీసా కోసం ఆమె గాజులు తాకట్టుకెళ్లాయి. మిగతాది వడ్డీకి తెచ్చారు. రెండేళ్ల కమాయి ఆ అప్పుకే పోయింది. మూడో ఏడాది ఇల్లు మొదలుపెడదామన్నారు. మూడో ఏడాది పూర్తి కాలేదు. మన మొహల్లాల్లో ఇలాంటి కథ లేని గల్లీ ఉందా?

మళ్లీ భీమిలికి వద్దాం. కేప్ మీదుగా బటావియా చేరడానికే ఏడెనిమిది నెలలు. అక్కడినుంచి కంపెనీ ఎక్కడికి పంపితే అక్కడికి. సిపాయికి ఒప్పందం మామూలుగా ఐదేళ్లు. భీమిలిలాంటి చిన్న రేవులో పనేమిటి? బట్టల మూటలకూ బియ్యం బస్తాలకూ కాపలా. ఈ తీరం బియ్యం సిలోనులోని డచ్చి కోటలకు వెళ్లేది. బట్ట బటావియాకు వెళ్లేది. నేతగాళ్లకు ముందుగా బయానా ఇచ్చి కట్టేసేవాళ్లు. బయానా తీసుకున్న మగ్గం వేరేవాడికి నేయకూడదు. అంటే అప్పు పత్రంతో వచ్చిన సిపాయి, అప్పుతో నేసిన బట్టకు కాపలా కాశాడు. నదికి ఇటు ఒక ఖర్జ్‌దార్, అటు ఒక ఖర్జ్‌దార్.

వాళ్ల మజ్బూరీ చెబుతున్నానని, వాళ్లు చేసినవన్నీ మాఫ్ చేసేయమనడం లేదు. కరువొచ్చిన ఏళ్లలో ఈ కోరమాండల్ తీరపు రేవుల నుంచి ఆకలితో ఉన్న మనుషుల్ని కొని బటావియాకు, సిలోనుకు బానిసలుగా పంపింది ఈ కంపెనీయే. బందూకు పట్టుకుని పక్కన నిలబడ్డది ఈ గరీబు సిపాయే. గరీబు చేత గరీబును కాపలా కాయించడం ప్రతి పెద్ద వ్యాపారానికీ తెలిసిన హునర్. తారీఖ్ రాసేటప్పుడు రెండూ రాయాలి, లేకపోతే ఇన్సాఫ్ కాదు.

పెళ్లిళ్ల సంగతీ చెప్పాలి. కంపెనీ ఆడవాళ్లను పెద్దగా పంపలేదు. కొందరు ఇక్కడి స్త్రీలను, ముఖ్యంగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లను, నికాహ్ చేసుకున్నారు. అయితే ఒక షరతు ఉండేది: ఆసియా భార్యనూ పిల్లల్నీ తీసుకుని హాలండుకు వెళ్లిపోతానంటే కంపెనీ అడ్డుపడేది. భార్య కావాలంటే ఇక్కడే ఉండు, వతన్ కావాలంటే ఒంటరిగా వెళ్లు. గల్ఫ్‌లో ఫ్యామిలీ వీసాకు జీతం చాలదని చెప్పించుకున్న ప్రతి మనిషికీ ఈ బాధ కొత్తది కాదు.

ఇక వాళ్ల రోజులు ఎలా ముగిశాయో చూద్దాం. 1687లో గోల్కొండ ఔరంగజేబు ఫౌజ్‌కు పడిపోయింది. ఫర్మానా ఇచ్చిన సల్తనత్ పోయినా కొట్టు మిగిలింది. తర్వాతి శతాబ్దంలో 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను పరాసుల బుస్సీకి రాసిచ్చాడు. అది నచ్చని శ్రీకాకుళం ఫౌజ్‌దార్ జాఫర్ అలీ ఖాన్ నాగపూర్ మరాఠాలను పిలిచాడు. 1754లో ఆ గుర్రాల దండు ఈ ప్రాంతమంతా దోచుకుంది. భీమిలిలో వలందుల కొట్టును తగలబెట్టింది. పక్కనే విశాఖపట్నంలో ఉన్న ఇంగ్లీషువాళ్ల జోలికి మాత్రం పోలేదు.

వాళ్లు మళ్లీ కట్టుకున్నారు. 1781లో ఐరోపాలో ఇంగ్లండుకూ హాలండుకూ జంగ్ నడుస్తుంటే ఇంగ్లీషువాళ్లు భీమిలిని పట్టుకున్నారు. జంగ్ అయ్యాక తిరిగిచ్చారు. 1795లో మళ్లీ పట్టుకున్నారు. నెపోలియన్ గొడవలు తీరాక మళ్లీ తిరిగిచ్చారు. అప్పటికి ఆ పాత కంపెనీయే లేదు, 1799తోనే దాని కథ ముగిసింది. చివరికి 1824లో లండన్‌లో ఒక సంధి రాసుకున్నారు. దాని ప్రకారం హిందూస్తాన్‌లోని డచ్చి జాగాలన్నీ, మలక్కాతో సహా, ఇంగ్లీషువాళ్లకు. సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివాళ్లకు. 1825లో భీమిలి మీద వలందుల జెండా దిగిపోయింది. ఒక ఊరిని ఇచ్చి ఇంకో ఊరిని పుచ్చుకున్నారు. భీమిలి జనాన్ని ఎవరూ అడగలేదు. ఆ ఇటుక గోరీల్లో ఉన్నవాళ్లనూ అడగలేదు.

ఆ తర్వాత కూడా రేవు బతికింది. మన గోగునారకు ప్రపంచ బజారులో 'బిమ్లీ జూట్' అని ఈ ఊరి పేరే పడింది. 1861లో భీమిలి మునిసిపాలిటీ అయింది. అంతకంటే ముఖ్యం, వలస దిశ తిరగబడింది. వలందులు దిగిన తీరం నుంచే మనవాళ్లు ఎక్కడం మొదలుపెట్టారు. ఉత్తరాంధ్ర ముసలివాళ్లు దాన్ని 'రంగం పోవడం' అనేవాళ్లు. రంగం అంటే రంగూన్. భీమిలి, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి బర్మా వెళ్లి వరి కోశారు, మిల్లుల్లో పనిచేశారు, రేవులో బస్తాలు మోశారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 'మా పని లాక్కున్నారు' అన్నది అక్కడివాళ్ల ఫిర్యాదు. 1942లో జపాన్ ఫౌజ్ వచ్చినప్పుడు లక్షలమంది హిందూస్తానీలు కొండలూ అడవులూ దాటి కాలినడకన వెనక్కి బయల్దేరారు. దారిలో ఎంతమంది ఖబర్ లేకుండా, చితి లేకుండా మిగిలిపోయారో. విశాఖలో 'బర్మా క్యాంపు' అనే పేరు ఆ జమానా యాద్.

వలసల్లో రెండు రకాలున్నాయని నాకనిపిస్తుంది. ఒకటి ఖాందానీ వలస, ఇంకోటి కాంట్రాక్టు వలస. మొదటిదానికి ఉదాహరణ అదే జర్మన్లలో దొరుకుతుంది. భీమిలిలాంటి రేవులకు సిపాయిల్ని పంపిన ఆ దేశాల నుంచే 19వ శతాబ్దంలో జనం అమెరికా దారి పట్టారు. మిస్సోరి నది ఒడ్డున హర్మన్ అని ఒక చిన్న ఊరు ఉంది. ఫిలడెల్ఫియాలోని జర్మన్లు ఒక సంఘం పెట్టుకుని, భూమి కొని, 1837లో దాన్ని మొదలుపెట్టారు. భార్యాపిల్లలతో వెళ్లారు. వీధులకు మోజార్ట్, షిల్లర్, గూటెన్‌బర్గ్ అని పేర్లు పెట్టుకున్నారు. కొండవాలు మీద ద్రాక్ష వేశారు. వాళ్ల ఔలాద్ ఇప్పటికీ అక్కడే ఉంది.

అయితే ఉండిపోయినవాళ్లకూ ఇమ్తిహాన్ తప్పలేదు. 1917లో అమెరికా జర్మనీ మీద జంగ్‌కు దిగగానే, ఎనభై ఏళ్లుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్ల మీద శక్ మొదలైంది. పక్కనున్న అయోవా రాష్ట్ర గవర్నరు 1918 మేలో ఒక హుకుం జారీ చేశాడు: స్కూళ్లలో, బహిరంగ స్థలాల్లో, టెలిఫోనులో, చర్చి ప్రార్థనలో కూడా ఇంగ్లీషే మాట్లాడాలి. చాలా కుటుంబాల్లో జర్మన్ భాష ఆ తరంతోనే ఆగిపోయింది. మనుషులు మిగిలారు, జుబాన్ పోయింది.

రెండో రకం కాంట్రాక్టు వలస. భీమిలి సిపాయిది, మా మామూజాన్‌ది అదే. భూమి నీది కాదు, భార్య పక్కన ఉండదు, ఒప్పందం అయ్యాక నువ్వెవరో ఎవరికీ పట్టదు. చేసింది యాభై ఏళ్లయినా నువ్వు పర్‌దేసివే. అలాంటివాళ్ల నిషానీ రాళ్ల మీద వెతికితే దొరకదు.

మరి ఎక్కడ దొరుకుతుంది? దీనికి జవాబు నాకు ఊహించని చోట దొరికింది.

ఆ ఆదివారం ఖబ్రస్తాన్ నుంచి బయటికొచ్చి టీ తాగుతుంటే, పక్కన చెట్టు కింద నలుగురు పేకాడుతున్నారు. ఒకాయన గట్టిగా "కళావరు రాణీ!" అని ముక్క విసిరాడు. పేకాట హరామ్ అని మా అమ్మీ ఇంట్లో ముక్కే చూడనివ్వలేదు గానీ, ఆ మాటలు మాత్రం మనందరికీ తెలుసు: ఆఠీను, డైమను, ఇస్పేటు, కళావరు. ఎప్పుడైనా ఆలోచించారా, ఇంగ్లీషువాడు 'క్లబ్స్' అనేదాన్ని మనం కళావరు అని ఎందుకంటున్నాం? 'హార్ట్స్'ని ఆఠీను అని ఎందుకంటున్నాం?

డచ్చి పేకముక్కల్లో క్లబ్స్ పేరు 'క్లావర్'. మూడాకుల గడ్డి అని అర్థం, ముక్క మీది బొమ్మ అదే. హార్ట్స్ పేరు 'హార్తెన్'. క్లావర్ మన నోట కళావరు అయింది. హార్తెన్ ఆఠీను అయింది. వలందులు ఎక్కువ కాలం ఉన్న సిలోనులో సింహళ భాష కూడా క్లావర్‌ని 'కలాబర' అని తీసుకుంది. డైమను ఇంగ్లీషువాళ్ల తర్వాతి కానుక. నాలుగింటిలో రెండు పేర్లు మాత్రం వలందులవే.

ఇప్పుడు చెప్పండి, ఈ మాటలు తెలుగువాళ్లకు నేర్పిందెవరు? ఫౌజ్‌దార్‌కు నజరానాలు పంపిన పెద్ద గుమాస్తా కూలివాళ్లతో కూర్చుని పేకాడి ఉంటాడా? మూటల పక్కన రాత్రి కాపలాలో నిద్ర ఆపుకోలేక, ఊరి మనిషిని కూర్చోబెట్టుకుని ముక్కలు పంచినవాడై ఉండాలి. పేరు లేని ఖలాసీయో సిపాయో అయి ఉండాలి. అతను డచ్చివాడో, రైను నది ఒడ్డు జర్మన్ కుర్రాడో మనకు తెలియదు. ఈ తీరంలో ఏ రేవులో ఏ రాత్రి ఆ మాట చేయి మారిందో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ పలక మీద చెక్కించుకున్న పెద్దమనిషి పేరు భీమిలిలో ఎవరూ పలకరు. పలక లేనివాడి మాట మాత్రం రోజూ చెట్టు కింద పలుకుతూనే ఉంది.

మన ముసల్మానులను కూడా అప్పుడప్పుడూ అడుగుతుంటారు, "మీరు అసలు ఎక్కడినుంచి వచ్చారు?" అని. అడిగినప్పుడు మనకు కోపం వస్తుంది, లేకపోతే గొప్పలు పోతాం. అరబ్ అంటాం, ఇరాన్ అంటాం. కొందరు రావడం నిజమే. ఎక్కువమంది ఇక్కడి మట్టిలోనే పుట్టినవాళ్లమన్నదీ నిజమే. ఇప్పుడు ఆ సవాల్ ఎవరైనా అడిగితే భీమిలి తీసుకెళదామనుకుంటున్నాను. తీరంలో ఉన్న ఊరికి ఎవరు ఎప్పుడు వచ్చారన్న హిసాబ్ ఎప్పటికీ తేలదు. వచ్చినవాడు ఈ ఊరికి ఏం ఇచ్చాడు, ఈ ఊరు అతనికి ఏం ఇచ్చింది అన్నది మాత్రం వెతికితే తేలుతుంది. కొన్నిసార్లు అది ఒక మసీదు. కొన్నిసార్లు బానిసల జహాజు. కొన్నిసార్లు ఒక పేకముక్క పేరు.

ఇంటికొచ్చాక అమ్మాయికి నా జవాబు మార్చి చెప్పాను. "బేటా, ఆ రాళ్ల కింద ఉన్నవాళ్లు దొరలే. రాళ్లు లేనివాళ్లు మీ పెద్ద నానాలాంటివాళ్లు." అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పెద్ద నానా పేరు ఎక్కడైనా రాసి ఉందా అబ్బా?" అనడిగింది.

లేదు. రేషన్ కార్డు నుంచి కూడా తీసేశారు. పాస్‌పోర్టు తిరిగి రాలేదు.

ఆ రాత్రి ఒక బయాజ్ కొత్తది తీశాం. ముమానీకి ఫోన్ చేశాను. ఆమె చెబుతుంటే నేను ఉర్దూలో, అమ్మాయి తెలుగులో రాసుకున్నాం. దానికి ఉర్దూ చదవడం ఇంకా సరిగా రాదు, అది నా తప్పే. మామూజాన్ పూర్తి పేరు, వాళ్ల అబ్బా పేరు, బయల్దేరిన తారీఖు, ఏజెంటుకు కట్టిన డబ్బు, గాజుల తూకం, పనిచేసిన ఊరు, పోయిన రోజు. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ కూడా, చరిత్ర కూడా. మధ్యలో ముమానీ ఒకసారి ఆగింది. "ఇవన్నీ ఇప్పుడెందుకు రా?" అంది. "పేరు ఒక్కచోటైనా ఉండాలి కదా ముమానీ" అన్నాను. కాసేపు మౌనంగా ఉండి, మిగతాది చెప్పింది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉంటారు. రంగం పోయినవాళ్లు, కువైట్ పోయినవాళ్లు, దమ్మామ్ పోయినవాళ్లు. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే ఒక బయాజ్ తీయండి. పేరు, ఊరు, ఖర్జా, తారీఖ్. ఏ జుబాన్ వస్తే ఆ జుబాన్‌లో రాయండి, కుదిరితే రెండిట్లోనూ రాయండి.